బొబ్బిలి కోటలో బొమ్మా బొరుసూ

పోయిన సంవత్సరం మన బడి వార్షికోత్సవానికి పెద్దపిల్లల తరగతి చేత ఏం వేయిద్దామా అని కూర్చున్నప్పుడు 'బొబ్బిలి యుద్ధం' అన్నమాట మాలో ఎవరి నోట ముందు వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తుంటే ఆ మనిషిని తర్వాతి నెలరోజులూ ఆడిపోసుకునేవాళ్ళం. ఆ క్షణంలో మాత్రం ముగ్గురం ఒకేసారి "ఆహా" అన్నాం. కత్తులుంటాయి, కోట ఉంటుంది, ఫ్రెంచి దొర ఉంటాడు. పద్నాలుగు మంది పిల్లల్లో ఎవరికీ వేషం లేదనే బాధ ఉండదు. తెలుగువాళ్ళలో ఆ కథ వినని పెద్దలుండరు. ఇంకేం కావాలి?

ఆ తరగతి చూసుకునే మేము ముగ్గురమూ ఊళ్ళో ఇంజనీరింగు చదివి, ఇక్కడ మస్కట్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్ళమే. మా నాటకానుభవమంతా కాలేజీ డే నాడు తెర లాగడం దగ్గర ఆగిపోయింది. అయినా ధైర్యంగా ఆ శుక్రవారం క్లాసులో పిల్లలకు కథ చెప్పడం మొదలుపెట్టాం.

కోట అంటే ఏమిటో ఒమన్ పిల్లలకు చెప్పక్కరలేదు. నిజ్వా కోటకు పిక్నిక్కు వెళ్ళని పిల్లలు మన బడిలో లేరు. పైకెక్కే మెట్లదారిలో శత్రువుల నెత్తిన కాగిన ఖర్జూర పానకం పోయడానికి వదిలిన కన్నాలు చూసి అందరూ నోళ్ళు తెరిచినవాళ్ళే. "బొబ్బిలిది అలాంటి రాతికోట కాదు, మట్టికోట. ఇక్కడ ఒమన్‌లో ఇమామ్ అహ్మద్ బిన్ సయీద్ పాలిస్తున్న రోజుల్లోనే అక్కడ ఈ యుద్ధం జరిగింది" అని మొదలుపెడితే పిల్లలు చెవులు రిక్కించారు.

కథ మీ అందరికీ తెలిసిందే అయినా, తర్వాత మేము పడ్డ పాట్లు అర్థం కావాలంటే క్లుప్తంగా ఒకసారి చెప్పుకోవాలి. 1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. వారి సేనాని బుస్సీ. విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు బుస్సీకి దగ్గరయ్యాడు. పక్కనే ఉన్న బొబ్బిలి ప్రభువు రావు గోపాలకృష్ణ రంగారావుతో ఆయనకు సరిపడేది కాదు. సరిహద్దు తగాదాలు, వాగుల నీళ్ళ తగాదాలు పాతవి ఉండనే ఉన్నాయి. బుస్సీ సిపాయిల మీద అడవిలో దాడి జరిగితే, అది బొబ్బిలివాళ్ళ పనేనని విజయరామరాజు నమ్మించాడంటారు. బొబ్బిలి వదిలిపెట్టి వేరేచోట భూములు తీసుకోమంటే రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు కోటను చుట్టుముట్టాయి. ఇక కోట నిలవదని తేలిపోయాక, లోపల ఉన్న ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువుల చేతికి చిక్కకూడదని బొబ్బిలి వీరులు తమ వాళ్ళను తామే చంపుకుని, తర్వాత యుద్ధంలో చచ్చిపోయారు. రంగారావు కొడుకు, పసివాడు ఒక్కడు, ఒక ముసలాయన దయవల్ల బతికి బయటపడ్డాడు. మూడో రాత్రి విజయనగరం శిబిరంలో, డేరాలో నిద్రపోతున్న విజయరామరాజును బొబ్బిలివాళ్ళు పొడిచి చంపారు.

కథ అయ్యేసరికి క్లాసు నిశ్శబ్దంగా ఉంది. మేము చెప్పిన తీరుకే అనుకుని లోపల్లోపల మురిసిపోతున్నాం. అప్పుడు వెనక బెంచీ నుంచి పదకొండేళ్ళ అమ్మాయి చెయ్యెత్తింది.

"అంకుల్, ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా?"

"ఏమని అమ్మా?"

"చచ్చిపోతారా అని."

మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. "టైమైంది, వచ్చే వారం మాట్లాడుకుందాం" అని పుస్తకాలు సర్దేశాం. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు మా రోమాలు నిక్కబొడుచుకున్నాయి గానీ, ఈ ప్రశ్న మాకు తట్టనే లేదు.

మర్నాడు రాత్రి ఫోను. తరగతిలో బాగా మాట్లాడే కుర్రాడి నాన్నగారు. కంఠం బాగుంది కాబట్టి విజయరామరాజు వేషం వాడికే ఇచ్చాం. వాళ్ళది విజయనగరం.

"ఏటండీ మాస్టారూ ఇది? మా గుంటడు మూడేళ్ళ నుంచి వొక్క శుక్రవారం మానకుండా బడికొస్తున్నాడు. వాణ్ణి స్టేజీ ఎక్కించి ఊరందరిచేతా ఛీ కొట్టిస్తారా?"

నాటకమే కదండీ, ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని నచ్చజెప్పబోయాం.

"చెడ్డవాడి వేషం వద్దనట్లేదండీ. రావణుడి వేషం ఇవ్వండి, పది తలకాయలూ నేనే కట్టిస్తాను. రావణుడు మా పక్కింటోడు కాడు కదా. విజయరామరాజుకి ఊరుంది. అది మాది. ఇక్కడ మా ఊరంటే ఎవరికేటి తెలుసు చెప్పండి? గురజాడ పేరు చెప్తే సగం మందికి తెలియదు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు, ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాల, ఇవన్నీ పోయి చివరికి మీ నాటకంలో మా ఊరికి దక్కేది వెన్నుపోటేనా?"

ఆయన కోపంగా అన్నా, మాకు కోపం రాలేదు. అందులో న్యాయముంది. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మల్లమ్మదేవి వేషం తమ అమ్మాయికే ఇవ్వాలని అంతకుముందు రోజే ఒక తల్లి మాకు చెప్పి ఉంచారు. వాళ్ళది బొబ్బిలి. బస్సులో రెండు గంటల దారి కూడా లేని రెండు ఊళ్ళ మధ్య 1757లో అయిపోయిందనుకున్న యుద్ధం, మళ్ళీ మా వాట్సాప్ గ్రూపులో మొదలయ్యేట్టుందని భయం పట్టుకుంది.

ముందు అసలు సంగతేమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాం. మా వృత్తి భాషలో చెప్పాలంటే, మేము చెప్పిన కథ ఎన్నో వెర్షనో మాకే తెలియదు. వెనక్కి వెళ్ళేకొద్దీ వెర్షన్లు బయటపడ్డాయి. ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఆర్మ్ ఈ యుద్ధాన్ని వివరంగానే రాశాడు. ఆయన ప్రకారం పగ తీర్చుకోవడానికి పూనుకున్నది నలుగురు సైనికులు. వాళ్ళలో ఇద్దరు డేరాలోకి దూరి రాజును పొడిచారు. జనం పాడుకున్న బొబ్బిలి కథలో ఆ పని చేసింది ఒక్క మొనగాడు, తాండ్ర పాపారాయుడు. యుద్ధం నాటికి రాజాంలో ఉండి, కోట కూలాక ఆలస్యంగా తెలుసుకుని వచ్చిన వీరుడు. నలుగురు సైనికులను గుర్తుపెట్టుకోవడం కష్టం, ఒక్క పాపారాయుణ్ణి మరిచిపోవడం కష్టం. కథ అలాగే నడుస్తుంది మరి.

దిట్టకవి నారాయణకవి 'రంగారాయ చరిత్రము' పేరుతో దీన్ని కావ్యం చేశాడు. పేరులోనే ఎవరి పక్షమో తెలిసిపోతోంది. బుర్రకథ దళాలు ఊరూరా ఈ కథ చెప్పాయి. షేక్ నాజర్ గొంతులో విన్నవాళ్ళు ఆ రాత్రిని మరిచిపోలేమని మా పెద్దలు అనేవారు. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి 'బొబ్బిలి యుద్ధము' నాటకం రాశారు. 1964లో సీతారాం దర్శకత్వంలో సినిమా వచ్చింది. రంగారావుగా ఎన్టీఆర్, మల్లమ్మగా భానుమతి, పాపారాయుడుగా ఎస్వీ రంగారావు, విజయరామరాజుగా రాజనాల. ఇక రాజనాలను తెర మీద చూశాక ఎవరి మీద కోపం రావాలో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో కృష్ణంరాజు 'తాండ్ర పాపారాయుడు' వచ్చేసరికి కథకు కథానాయకుడే మారిపోయాడు. రంగారావు పక్కకు జరిగి పాపారాయుడు మధ్యలోకి వచ్చాడు.

అంటే కథ ఒక్కటే అయినా ప్రతి తరమూ తనకు కావలసిన మనిషిని అందులోంచి ఎత్తి ముందు నిలబెట్టుకుంది. ఒక్కటి మాత్రం ఎవరూ మార్చలేదు. విజయరామరాజు ఎప్పుడూ అక్కడే, ఆ మూలనే ఉన్నాడు. ఆ నాన్నగారి బాధ అదే.

ఇలా తల పట్టుకుని ఉన్న రోజుల్లో ఆఫీసులో మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ గోల ఒక జర్మన్ సహోద్యోగికి చెప్పాం. ఆయన నవ్వి, "మీ సమస్య మా షిల్లర్ సమస్యే" అన్నాడు. వాళ్ళకు బడిలో షిల్లర్ నాటకాలు, మనకు పోతన పద్యాల్లా, తప్పించుకోలేని పాఠాలట. ఫ్రీడ్రిక్ షిల్లర్ అనే పేరు విన్నాం గానీ ఏనాడూ చదివింది లేదు. ఆయన చెప్పినదాని మీద ఇంటికొచ్చి వెతికి చదివాం. ఈ షిల్లర్ 1759లో పుట్టాడు. బొబ్బిలి కోట కూలిన రెండేళ్ళకన్నమాట. యేనా విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. అంటే చరిత్ర తెలియక తప్పులు రాసే మనిషి కాదు. అయినా చరిత్ర నాటకాలు రాసేటప్పుడు కావాలనే మార్చాడు. జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431లో కాల్చి చంపారు. షిల్లర్ నాటకంలో ఆమె యుద్ధభూమిలో ప్రాణం విడుస్తుంది.

మాకు పనికొచ్చింది ఆయన ఇంకో నాటకం, 'మరియా స్టూవర్ట్'. 1800 జూన్‌లో వైమార్ నగరంలో మొదట ఆడారు. కథ మన కథకు దూరపు చుట్టమే. స్కాట్లాండు రాణి మేరీ, ఇంగ్లండు రాణి ఎలిజబెత్ ఇరుగుపొరుగు రాజ్యాల వాళ్ళు, బంధువులు కూడా. తలదాచుకోవడానికి వచ్చిన మేరీని ఎలిజబెత్ దాదాపు పంతొమ్మిదేళ్ళు చెరలో ఉంచి, చివరికి 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో తల తీయించింది. షిల్లర్ నాటకం మేరీ చివరి మూడు రోజుల చుట్టూ తిరుగుతుంది. నాటకానికి నడిమధ్య, మూడో అంకంలో, ఇద్దరు రాణులూ ఎదురుపడతారు. మేరీ ప్రాణభిక్ష అడగడానికి వస్తుంది. మోకరిల్లుతుంది. ఎలిజబెత్ ఎత్తిపొడుస్తుంది. మాటకు మాట పెరిగి, మేరీ ఇక దాచుకోలేక అనరాని మాటలు అనేస్తుంది. ఆ క్షణంలో ఆమె గెలుస్తుంది, అక్కడే తన చావును తనే రాసుకుంటుంది.

తమాషా ఏమిటంటే, చరిత్రలో ఆ ఇద్దరు రాణులూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఆ దృశ్యమంతా షిల్లర్ కల్పన. ఆ కల్పన ఎంత బలంగా నాటుకుందంటే, తర్వాత ఈ కథ చెప్పినవాళ్ళు దాన్ని వదులుకోలేకపోయారు. ఇటలీలో దొనిజెట్టి ఈ నాటకాన్ని ఒపేరా చేశాడు. మస్కట్‌లో 2011 నుంచి రాయల్ ఒపేరా హౌస్ ఉంది కాబట్టి ఒపేరా అంటే మనకు కొత్త కాదు, మన పద్యనాటకం లాంటిదే అనుకోండి. 1834లో నేపుల్స్‌లో రిహార్సల్ జరుగుతుండగా ఈ ఎదురుపడే సన్నివేశంలో రాణుల వేషాలు వేసిన గాయనులిద్దరూ నిజంగానే జుట్టూజుట్టూ పట్టుకున్నారట. తర్వాత అక్కడి రాజు ఆ ఒపేరానే ఆపించాడు. పేర్లూ కథా మార్చి వేరే నాటకంగా ఆడుకోవలసి వచ్చింది. అసలు రూపంలో అది మిలాన్‌లో 1835 చివర్లో గానీ స్టేజీ ఎక్కలేదు. మేరీ రాణి మీద 1971లో వచ్చిన ఇంగ్లీషు సినిమాలోనూ, 2018లో వచ్చిన సినిమాలోనూ ఇద్దరు రాణులూ కలుసుకుంటారు. జరగని సమావేశం రెండు వందల ఏళ్ళుగా జరుగుతూనే ఉంది.

ఇది చదివి ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మన కథలో లేనిది అదే కదా! రంగారావూ విజయరామరాజూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడుకుంటే ఏం జరిగి ఉండేది? మధ్యలో బుస్సీ, దుబాసీ హైదర్ జంగ్, రాయబారులు, ఫిరంగులు. ఎవరి మాటా ఎవరికీ నేరుగా చేరని కథ అది.

షిల్లర్ దగ్గర ఇంకొకటి కూడా దొరికింది. అసలు మమ్మల్ని గట్టెక్కించింది అదే. 2016 డిసెంబరులో లండన్‌లోని అల్మీడా థియేటర్‌లో రాబర్ట్ ఐక్ అనే దర్శకుడు ఈ నాటకాన్ని కొత్తగా తయారుచేసి ఆడించాడు. జూలియెట్ స్టీవెన్సన్, లియా విలియమ్స్ అనే ఇద్దరు పేరున్న నటీమణులు. ఇద్దరికీ రెండు పాత్రలూ కంఠతా వచ్చు. ప్రతి రాత్రీ ప్రేక్షకుల ముందే ఒక నాణెం తిప్పేవారు. అది పడిన తీరును బట్టి ఆ పూట ఎవరు ఎలిజబెత్తో, ఎవరు మేరీనో తేలేది. చంపే రాణి, చచ్చే రాణి, ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఒక నాణెం మందం.

మేము వెంటనే ఆ నాన్నగారికి ఫోను చేశాం. "మీ అబ్బాయి విజయరామరాజు వేషం నేర్చుకోడు. రంగారావూ, విజయరామరాజూ రెండూ నేర్చుకుంటాడు. బొబ్బిలి వాళ్ళబ్బాయి కూడా రెండూ నేర్చుకుంటాడు. వార్షికోత్సవం నాడు స్టేజీ మీద అందరి ముందూ నాణెం ఎగరేస్తాం." అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పొల్లు మాట రాకుండా రెండు పాత్రలూ నేర్పించగలరేటండీ?" అని మాత్రం అడిగారు. అది ఒప్పుకోలేనని మేము అర్థం చేసుకున్నాం.

ఇక స్క్రిప్టు. ఎదురుపడే దృశ్యాన్ని యుద్ధానికి ముందు రాత్రి, సరిహద్దు వాగు ఒడ్డున పెట్టాం. ఇద్దరూ ఒంటరిగా వస్తారు. ఇద్దరికీ సంధి కావాలి. ఇద్దరిలో ఎవరూ ముందు ఆ మాట అనలేరు. నీళ్ళ గురించి మొదలైన మాట తాతల దగ్గరకు, తాతల దగ్గర నుంచి మీసాల దగ్గరకు పోతుంది. తెల్లవారుతుంది. చిన్నపాటి తెలుగులో పది నిమిషాల దృశ్యం.

అది రాశాక మాలో మాకే పేచీ వచ్చింది. జరగనిది జరిగినట్టు పిల్లలకు నేర్పిస్తామా? ఇక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలు. ఊళ్ళో అయితే ఈ కథను పదిమంది పదిరకాలుగా చెబుతారు, పిల్లవాడు అన్నీ విని తనకొకటి తయారుచేసుకుంటాడు. వీళ్ళు ఈ కథ వినేది బహుశా జీవితంలో ఈ ఒక్కసారే. మేమేం చెబితే అదే బొబ్బిలి. అది చాలా పెద్ద బరువు. రెండు శుక్రవారాలు వాదించుకుని చివరికి ఒక నియమం పెట్టుకున్నాం. మార్చవచ్చు, కానీ మార్చామని చెప్పాలి. అందుకని సూత్రధారి పాత్ర ఒకటి పెట్టాం. ఆ దృశ్యానికి ముందు వచ్చి, "ఇది జరగలేదు. జరిగి ఉంటే ఎలా ఉండేదో చూడండి" అని చెప్పి పక్కన నిలబడుతుంది. ఆ పాత్ర ఎవరికిచ్చామో మీరు ఊహించే ఉంటారు. వెనక బెంచీ అమ్మాయికి.

రెండో నియమం, కోటలో జరిగిన ఆ ఘోరాన్ని చూపించకూడదు, చూపించకుండా దాచకూడదు. వీరత్వంగా పొగడకూడదు, ఈ కాలపు తూకంతో తూచి తిట్టకూడదు. మేము రాసిన నాలుగు వెర్షన్లూ పనికిరాలేదు. చివరికి ఆ అమ్మాయి ప్రశ్ననే అలాగే ఉంచేశాం. కోట వైపు చూస్తూ సూత్రధారి అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. లైట్లు ఆరిపోతాయి.

రిహార్సళ్ళ సంగతి రాస్తే ఇంకో సావనీరు కావాలి. అట్టకత్తులు మొదటి వారానికే విరిగాయి. బుస్సీ వేషం కుర్రాడికి తెలుగు మరీ బాగా వచ్చేసరికి, దొరలా తప్పులు మాట్లాడటం నేర్పడానికి చాలా శ్రమపడ్డాం. రెండు పాత్రలూ నేర్చుకున్న కుర్రాళ్ళిద్దరిలో మాత్రం ఒక మార్పు కనిపించింది. మొదట్లో ఇద్దరూ రంగారావు మాటలే ఉత్సాహంగా అనేవారు. విజయరామరాజు వంతు వచ్చేసరికి గొంతు కరకుగా పెట్టి, కనుబొమలు ముడిచి, సినిమా విలన్‌లా అనేవారు. నాలుగో వారం వచ్చేసరికి కనుబొమలు వాటంతటవే దిగిపోయాయి. ఒకరోజు విజయనగరం కుర్రాడు స్క్రిప్టు పట్టుకొచ్చి, "అంకుల్, ఇక్కడ వీడు రంగారావుతో 'నీళ్ళు నీవే, తీసుకో' అనాలనుకుంటాడు, కానీ పక్కన సైన్యం వింటోందని అనడు. అలా చెయ్యనా?" అని అడిగాడు. సైన్యం వింటోందన్న సంగతి మేము రాయలేదు. వాడికి తోచింది.

మనలో ఎంతమందిమి మన అన్నదమ్ములతో, స్నేహితులతో సైన్యం వింటోందనే మాట్లాడకుండా ఉండిపోయాం చెప్పండి?

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. సూత్రధారి ముందుకు వచ్చి యాభై బైసాల నాణెం చూపించింది. ఖంజర్ బొమ్మ పడితే విజయనగరం కుర్రాడు రంగారావు, అంకె పడితే విజయరామరాజు. ముందు వరుసలో కూర్చున్న నాన్నగారి వైపు చూడకూడదనుకుంటూనే ముగ్గురం చూశాం. నాణెం ఎగిరింది, కిందపడింది, దొర్లుకుంటూ పోయి హార్మోనియం కింద దూరింది. హాలంతా నవ్వులు. బుస్సీ దొర మోకాళ్ళ మీద పాకి వెళ్ళి చూసి అరిచాడు, "అంకె!"

కుర్రాడు వెళ్ళి విజయరామరాజు తలపాగా పెట్టుకున్నాడు.

చివరి దృశ్యం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాం. షిల్లర్ నాటకం మేరీ చావుతో ముగియదు. మేరీ పోయాక, ఎలిజబెత్ తప్పును సెక్రటరీ మీదికి నెట్టేసి, నమ్మినవాళ్ళంతా ఒక్కొక్కరే వదిలిపోగా, ఒంటరిగా నిలబడి ఉండగా తెర పడుతుంది. మేము దాన్ని నిస్సంకోచంగా అరువు తెచ్చుకున్నాం. మూడో రాత్రి డేరాలో విజయరామరాజు ఒక్కడూ ఉంటాడు. గెలిచాడు. గెలిచిన సంగతి చెప్పుకుందామంటే ఎదురుగా ఎవరూ లేరు. దీపం తగ్గించుకుని పడుకుంటాడు. గుడ్డ డేరా మీద నీడలు కదులుతాయి. అక్కడితో ఆపేశాం. పాపారాయుడు కత్తి ఎత్తగానే చప్పట్లు కొట్టడానికి హాలు సిద్ధంగా ఉంది. ఆ అవకాశం ఇవ్వలేదు. చప్పట్లు వచ్చాయి, కానీ కాస్త ఆగి వచ్చాయి. ఆ కాస్త ఆగడం కోసమే మేము నెలరోజులు పడ్డ పాట్లన్నీ.

సూత్రధారి చివర్లో వచ్చి తర్వాత జరిగింది చెప్పింది. యుద్ధం జరిగిన మరుసటి ఏడాదే, 1758లో, విజయనగరం కొత్త ప్రభువు ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారిని పిలిచాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759లో మచిలీపట్నం కూడా పోయింది. బొబ్బిలిని కూల్చిన ఫిరంగుల యజమానులు ఆ తీరంలో మూడేళ్ళు తిరక్కుండానే కనుమరుగయ్యారు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ప్రాణాలిచ్చాడు. అదే ఏడాది, ఆనాడు కోట నుంచి బతికి బయటపడ్డ పసివాడు, చిన రంగారావు, బొబ్బిలికి తిరిగి ప్రభువయ్యాడు. ఒకరిని చంపిందీ, ఇంకొకరిని గద్దెనెక్కించిందీ ఒకే కంపెనీ. ముప్ఫై ఏడేళ్ళలో నాణెం ఇటు నుంచి అటు తిరిగింది.

ఆ మాటలు చెబుతున్నంతసేపూ వెనక వీణ మోగింది. వాయించినది ఆ బొబ్బిలి తల్లి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసిన వీణ అది. ఆవిడ వీణ నేర్చుకున్నది ఎక్కడో తెలుసా? విజయనగరం సంగీత కళాశాలలో. ఆ సంగతి ఆవిడే చెప్పారు, ఆ నాన్నగారి ఎదురుగా, టీ తాగుతూ. ఇద్దరూ అరగంట సేపు కోట దగ్గరి మిఠాయి కొట్ల గురించి మాట్లాడుకున్నారు.

వెళ్ళేటప్పుడు ఆయన మా దగ్గరకు వచ్చారు. బాగుందనో బాగోలేదనో అంటారని చూశాం. ఆ మాట అనలేదు. వారం తర్వాత ఫోను చేశారు.

"మా గుంటడు ఇంటికొచ్చాక అడిగాడు మాస్టారూ, 'నాన్నా, మనవాళ్ళదే తప్పా?' అని. అవుననీ అన్లేదు, కాదనీ అన్లేదు. కూర్చోబెట్టి పద్మనాభం కథ చెప్పాను. నాకే సగం గుర్తులేదు, మా నాన్నకు ఫోను చేసి కనుక్కుని చెప్పాను."

మస్కట్‌లో మనవడు అడిగితే విజయనగరంలో తాతగారు ఫోనులో కథ చెప్పారు. ఒక తెలుగు బడి ఇంతకంటే చేయగలిగింది ఏముంటుందో మాకు తెలియదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు మాత్రం మేమింకా జవాబు బాకీ ఉన్నాం. ప్రతి శుక్రవారం వెనక బెంచీలో కూర్చుంటుంది. మళ్ళీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ముగ్గురం అప్పుడప్పుడూ ఆలోచిస్తూనే ఉన్నాం. మీకెవరికైనా తోస్తే, శుక్రవారం పొద్దున పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు కారు దిగి లోపలికి రండి. టీ ఉంటుంది, ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.